తరుగు

నిరుడు సంక్రాంతి పోయిన వారానికి ధర్మవరం వెళ్లాను. మా బావమరిది మగ్గం విప్పుతున్నాడు. జాకార్డు అప్పటికే దించి గోడకు ఆనించి ఉంది. పడుగు కోసేశారు. నాడెలు, కండెలు, అచ్చు ఒక గోనెసంచిలో పడి ఉన్నాయి. ఆయన ముప్పై తొమ్మిదేళ్లు కాళ్లు దింపి కూర్చున్న గుంటలోకి ఇద్దరు కూలివాళ్లు తట్టలతో ఎర్రమట్టి పోస్తున్నారు. పూడ్చినాక పైన బండలు పరుస్తారట. మోకాళ్లు పోయాయి, నేసే కూలి ఇంటికి చాలడం లేదు, కొడుకు పెనుకొండలో ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆ గది ఇక కోడలు వచ్చి ఉండడానికి.

నన్ను చూసి చేతులు కడుక్కుని వచ్చి అరుగు మీద పక్కన కూర్చున్నాడు. కాసేపు ఇద్దరమూ మట్టి పడే శబ్దం విన్నాం.

"బావా, నువ్వు భారతం చదివినోనివి. ఒగ మాట చెప్పు. మగ్గం పూడ్చేస్తే స్వధర్మం ఇడిసినట్లేనా?" అన్నాడు.

వెంటనే చెప్పలేకపోయాను. కాఫీ తాగి, రైలెక్కి హిందూపురం వచ్చేశాను. ఏడాదిగా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆయనకు నేను బాకీ పడ్డ జవాబు ఇది.

నాకు ఆ ప్రశ్న కొత్తది కాదు. మాదీ మగ్గాల ఇల్లే. మా నాయన ధర్మవరంలో ఒక షావుకారు ఇచ్చిన రేషం, జరీ తెచ్చుకుని కూలికి నేసేవాడు. 1984లో నేను మగ్గం దిగి హిందూపురం చింతపండు మండీలో గుమాస్తాగా చేరాను. ముప్పై నాలుగేళ్లు అక్కడే చిట్టా రాశాను. నేను బయలుదేరిన రోజు మా నాయన గుంటలోంచి లేవలేదు. నేస్తూనే ఒక మాట అన్నాడు: "దారం తెగితే ముడి ఎయ్యకుండా ముందరికి పోగాకు, అబ్బీ."

మగ్గం తెలిసినవాళ్లకు ఈ మాట వివరించనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. పడుగులో వేల పోగులుంటాయి. నేస్తుంటే ఎక్కడో ఒకటి పుటుక్కున తెగుతుంది. నేత ఆపి, తెగిన కొస వెతికి పట్టుకుని, ముడి వేసి, మళ్లీ అచ్చులోంచి తీసి, అప్పుడు నాడె ఆడించాలి. ముడి వేయకపోయినా చీర పూర్తవుతుంది. కట్టుకునే ఆమెకు చాలాసార్లు తెలియదు కూడా. మా నాయన రాత్రి లాంతరు పెట్టుకుని, పగలు కంటికి ఆనని తెగిన పోగు దొరికితే అంగుళం నేత ఊడదీసి మళ్లీ నేసేవాడు. ఆ అంగుళానికి కూలి ఉండదు.

స్వధర్మం గురించి మన ఊళ్లలో నలుగురు కూర్చుంటే వచ్చే మాట ఒకటే. గీత చెప్పిందంటారు, పరధర్మం భయాన్ని తెస్తుందంటారు, కాబట్టి తాత చేసిన పని మనవడు చేయాలంటారు. ఇంకా గట్టిగా చెప్పాలనుకున్నవాళ్లు ధర్మవ్యాధుణ్ణి తీసుకొస్తారు. మిథిలలో మాంసం అమ్మి బతికే మనిషి, కోపంతో కొంగను కాల్చేసిన కౌశికుడికి ధర్మం బోధించాడు. కులవృత్తి చేసుకుంటూనే జ్ఞాని అయ్యాడు, చూశారా అంటారు.

అరణ్యపర్వంలో ఆ కథ నేను చాలాసార్లు చదివాను. ధర్మవ్యాధుడు తన వృత్తి తండ్రితాతల నుంచి వచ్చిందని చెప్పిన మాట నిజమే. కానీ కౌశికుడు ధర్మాన్ని కళ్లారా చూడవలసి వచ్చినప్పుడు ఆయన తన కొట్టు చూపించలేదు. ఇంటికి తీసుకుపోయి ముసలి తల్లిదండ్రులను చూపించాడు. నా ప్రత్యక్ష దైవాలు వీళ్లే అన్నాడు. ధర్మవ్యాధుడి స్వధర్మం కత్తిలో ఉంటే కౌశికుణ్ణి ఇంటిదాకా నడిపించే అవసరం ఏముంది?

మన సరిహద్దుకు ఆవల, కన్నడ నేల మీద, పన్నెండో శతాబ్దంలో బసవన్న వెంట నడిచినవాళ్లు కాయకం అన్నారు. చేసే పనే పూజ అని వాళ్ల నమ్మకం. ఆ శరణుల్లో చాకలి ఉన్నాడు, చర్మకారుడు ఉన్నాడు, పడవ నడిపేవాడు ఉన్నాడు. వాళ్లకంటే ముందే నేతగాడు జేడర దాసిమయ్య ఉన్నాడు. ఏ పని పెద్దది, ఏది చిన్నది అన్న లెక్క వాళ్లు చెరిపేశారు. నిజాయితీ లేని సంపాదన శివుడికి చేరదన్న లెక్క మాత్రం ఉంచారు. మగ్గానికైనా మండీకైనా ఫ్యాక్టరీకైనా పట్టుకుపోగలిగిన కొలత అది.

మా బావమరిది కొడుకు, నాకు అల్లుడు, వాడి సంగతి చెబుతాను. వాడు కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు పంపే ఒక కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తాడు. పెనుకొండ మండలం ఎర్రమంచి దగ్గరికి కియా వస్తోందని 2017 ఏప్రిల్‌లో ఒప్పందం జరిగేనాటికి వాడు ఐటీఐ చదువుతున్నాడు. 44వ నంబరు హైవే పక్కన వర్షం కోసం చూసే చేలు అవి. 536 ఎకరాలు చదును చేశారు. హంద్రీ-నీవా నీళ్లు చేరే గొల్లపల్లి రిజర్వాయరు నుంచి గొట్టాలు వేశారు. 2019 జనవరి 29న మొదటి కారు ట్రయల్‌గా బయటికి వచ్చింది, అదే ఏడాది డిసెంబరు 5న ప్రారంభోత్సవం అయింది. అప్పట్లో ఏడాదికి 3 లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ అది. 2023 జూలైకి పది లక్షలు పూర్తయ్యాయి. ఇప్పుడు పెనుకొండ వీధిలో నడిస్తే కొరియా అక్షరాల బోర్డులు కనపడతాయి. కొండ మీది కోట, కింద గగనమహలు, బాబయ్య దర్గా మునుపున్నట్టే ఉన్నాయి. వాటి మధ్యలోంచి షిఫ్టు బస్సులు పోతున్నాయి.

ఈ ఊరికి పెద్ద మార్పు కొత్త కాదు. 1565లో రక్కసతంగడి దగ్గర విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. ఆ తర్వాత అది చంద్రగిరికి పోయింది. రాజధాని వచ్చినప్పుడు పొంగిపోయినవాళ్లు, పోయినప్పుడు కుంగిపోయినవాళ్లు ఇద్దరూ ఇప్పుడు లేరు. కొండ ఉంది. అందుకే ఫ్యాక్టరీ రావడమే మోక్షమని గానీ, మగ్గం పోవడమే ప్రళయమని గానీ నేను అనలేను.

మా అల్లుడు సీట్ల కింద నట్లు బిగిస్తాడు. ఒకసారి వాళ్ల నాయన ముందే అడిగాను, ఆ పనిలో నీకేముంది రా అని. మా బావమరిదికి వాడి పని మీద ఒక బాధ ఉంది. "నేను మొదటి పోగు నుంచి కుచ్చుల దాకా చీరంతా చూస్తా. వీడు పొద్దంతా ఒగటే నట్టు బిగిస్తాడు. బండి ఎట్లుంటాదో వీనికి తెలీదు" అంటాడు. ఆ బాధ నిజమైనదే. వాడు మాత్రం నెమ్మదిగా చెప్పాడు.

"మామా, నట్టు బిగిచ్చేటప్పుడు చేతిలో టూలు ఒగ శబ్దం చేస్తాది. ఆ శబ్దం వస్తేనే సరిగ్గా బిగిసినట్లు. ఒగ రోజు నాకు అనుమానం వచ్చె. బటన్ నొక్కి లైను ఆపినా. అందరూ నా దిక్కే చూసిరి. మళ్లా బిగిచ్చి పంపిచ్చినా. ఆ బండిలో ఎవురు కూర్చుంటారో నాకు తెలీదు. బిగిసిందా లేదా, అది మాత్రం నాకు తెలుస్తాది."

నాకు మా నాయన లాంతరు గుర్తొచ్చింది. ఊడదీసిన అంగుళం గుర్తొచ్చింది. వీడు ఊహ తెలిశాక తాత ముఖం చూసి ఎరగడు. మగ్గం మీద కూర్చున్నదీ లేదు. అయినా తెగిన పోగుకు ముడి వేశాడు. వీడు స్వధర్మం వదిలాడని నేను ఎలా అనగలను?

అలాగని మగ్గం పోతే పోయేదేమీ లేదని చెప్పను. అది కూడా అబద్ధమే. లేపాక్షి గుడిలో లతా మండపం స్తంభాల మీద చెక్కిన తీగల నుంచి, పూల గడుల నుంచి ధర్మవరం, హిందూపురం నేతగాళ్లు అంచులు తీసుకున్నారు. రాతి మీది తీగ జాకార్డు అట్టల మీది చిల్లులుగా, చిల్లుల నుంచి జరీగా మారడానికి ఒక మనిషి వేళ్లలో ఎంత తెలివి ఉండాలో ఆలోచించండి. ఆ తెలివి ఏ పుస్తకంలోనూ దాచి లేదు. మా బావమరిది వేళ్లలో ఉంది, ఆయనతో పోతుంది. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉంది. 1985 చట్టం ప్రకారం కొన్ని రకాల చీరలు చేమగ్గానికే కేటాయింపు. అయినా ఆ అంచునే, ఆ డిజైనునే మరమగ్గం మీద గంటల్లో దింపి, చేనేత అని చెప్పి అమ్ముతున్నారు. మరమగ్గం నడుపుకునేవాడూ బతకాలి. ముదిరెడ్డిపల్లిలో మరమగ్గాల మీద బతికే ఇళ్లు నాకు తెలుసు, వాళ్ల చెమట తక్కువదేం కాదు. మరమగ్గం చీరను మరమగ్గం చీర అని చెప్పి అమ్మితే అందులో పాపం లేదు. చేతి నేత అని రాసిన చీటీలోనే పోగు తెగింది. ఎవరూ ముడి వేయలేదు.

చీటీ అన్నాను కాబట్టి ఇక నా సంగతి దాచను. ఈ వ్యాసం రాయడానికి ఏడాది పట్టింది ఇందుకే.

1991లో చింతపండు సీజను. రొద్దం వైపు నుంచి ఒక అవ్వ నాలుగు బస్తాలు బండి మీద వేసుకుని వచ్చింది. ఇంట్లో ఆడవాళ్లంతా కూర్చుని కొట్టి, గింజ తీసి, ఈనెలు లాగి శుభ్రం చేసిన కరిపులి రకం. నేను కాటా దగ్గర నిలబడి రాసుకున్నాను: 212 కిలోలు. సంచికి ఒక కిలో చొప్పున 4 కిలోలు తరుగు తీయడం అప్పటి ఆనవాయితీ. యజమాని గల్లా దగ్గర నుంచి నన్ను చూసి చేయి కొద్దిగా ఆడించాడు. అర్థం నాకు తెలుసు. తరుగు 12 అని రాశాను. చెమ్మ ఉందని ఒక మాట చేర్చాను. చెమ్మ లేదు.

అవ్వ చీటీ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది. చదువు రాదు. నా ముఖంలోకి చూసి, "సరిగ్గా రాసినావా నాయనా?" అంది.

"రాసినా అవ్వా" అన్నాను.

అంతే. ఆమె డబ్బులు కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. 8 కిలోలు. ఆ రోజు ధరకు అది ఎంత అనేది ఇప్పుడు లెక్క వేసుకోదలచుకోలేదు. అలాంటి చీటీలు అదొక్కటే రాశానని కూడా చెప్పను. కానీ అడిగింది ఆ ఒక్క అవ్వే. కాబట్టి అబద్ధం నోటితో చెప్పింది ఆమెకే.

మా బావమరిది ప్రశ్నకు జవాబు నాకు అక్కడ దొరికింది. 1984లో మగ్గం దిగిన రోజు నేను స్వధర్మం వదల్లేదు. 1991లో ఆ చీటీ మీద 12 వేసిన క్షణంలో వదిలాను. మా నాయన నాతో పంపించింది నాడె కాదని నాకు అప్పటిదాకా తెలియలేదు.

శాంతిపర్వంలో జాజలి కథ ఉంది. అడవిలో కొయ్యలా కదలకుండా నిలబడి తపస్సు చేశాడు. జడల్లో పిట్టలు గూడు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలు ఎగిరిపోయేదాకా కదల్లేదు. నాకు ధర్మం సిద్ధించిందని పొంగిపోయాడు. కాశీలో తులాధారుడనే వర్తకుడికి నువ్వు సాటి రావని ఆకాశంలోంచి మాట వినిపించింది. వెతుక్కుంటూ పోతే ఆయన అంగట్లో సరుకులు తూస్తూ కనపడ్డాడు. నా త్రాసు అందరికీ ఒకటే, ఇదే నా వ్రతం అన్న అర్థం వచ్చేలా చెప్పాడు. ఆయన తన అంగడి వదల్లేదు, జాజలిని అడవి వదలమనలేదు. ఎవరి చేతిలో ఏముంటే దాన్ని సమంగా పట్టుకోమన్నాడని నాకు అర్థమైంది. చింతపండు, బెల్లం, పట్టుగూళ్ల బేరంతో పెరిగిన హిందూపురానికి ఇంతకంటే దగ్గరి పురాణం ఇంకోటి లేదు.

హిందూపురం నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే లేపాక్షి. అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు వీరభద్రుడి గుడి కట్టించారు. విరూపణ్ణ రాజుగారి కోశాధికారి. ఖజానా సొమ్ము అడగకుండా గుడికి వాడాడని అభియోగం వచ్చిందనీ, రాజు కళ్లు తీయించమన్నాడని విని, తానే కళ్లు పెరికి గోడకేసి కొట్టాడనీ జనం చెప్పుకుంటారు. ఆగిపోయిన కల్యాణ మండపం దగ్గర గోడ మీది ఎర్రటి మచ్చలు చూపిస్తారు. జరిగిందో లేదో చరిత్రకారులు తేల్చుకోనీ. లెక్కలు రాసినవాడిగా నేను ఆ గోడ ముందు చాలాసార్లు నిలబడ్డాను. అంత పెద్ద నంది, అంత గొప్ప చిత్రాలు, వేలాడే స్తంభం. అవన్నీ ఉన్నా జనం దాదాపు ఐదు వందల ఏళ్లుగా ఒక ప్రశ్న మర్చిపోలేదు: ఆ డబ్బు ఎవరిది? కట్టింది ఎంత అందమైనదైనా ఆ ప్రశ్న అడిగే హక్కు జనానికి ఉందని ఈ కథ చెబుతుంది. అడిగినప్పుడు విరూపణ్ణ తన కళ్లతో చెల్లించాడు. నేను 8 కిలోలకు ఏమీ చెల్లించలేదు.

ఒక మనిషికి ఉన్న ధర్మం ఊరికీ ఉంటుందా? ఉంటుందని నా నమ్మకం. ఊరు కూడా తూస్తుంది. ఫ్యాక్టరీ వచ్చినప్పుడు ఒక పళ్లెంలో ఉద్యోగాలు, పెరిగిన భూమి ధర, కొత్త హోటళ్లు, అద్దెలు పడతాయి. రెండో పళ్లెంలో చేను పోయిన రైతు ఉంటాడు. ఆయన చేతిలో పట్టా ఉంది కాబట్టి పరిహారం వస్తుంది. ఆయన పక్కన, అదే చేలో కలుపు తీసి, కాయ ఒలిచి బతికిన కూలి మనిషి ఉంటుంది. ఆమె చేతిలో కాగితం లేదు. 2013 భూసేకరణ చట్టం ఈ మనిషిని చూసింది. ఆ భూమి మీద మూడేళ్లుగా ఆధారపడిన కౌలుదార్లను, వ్యవసాయ కూలీలను కూడా బాధిత కుటుంబాలుగా లెక్కించమంది. తులాధారుడి త్రాసు మన చట్టంలోకి వచ్చిన చోటు అది. ఆ త్రాసును పట్టుకోవలసిన చెయ్యి మనదే.

మరోవైపు లేపాక్షి పేరు పెట్టిన నాలెడ్జ్ హబ్ కోసం చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో ఎనిమిది వేల ఎకరాలకు పైగా భూమి తీసుకున్నారు. అనుకున్న పరిశ్రమలు రాలేదు. భూమి ఇచ్చినవాళ్ల పిల్లలు ఉద్యోగాల కోసం ఎదురుచూసి బెంగళూరు బస్సెక్కారు. దొడ్డబళ్లాపురం దాటగానే ఫ్యాక్టరీల వరస కనపడుతుంది, మనవాళ్లు అక్కడ పని చేస్తున్నారు. ఎర్రమంచిలో భూమి తీసుకున్నారు, ఫ్యాక్టరీ వచ్చింది. ఇక్కడ భూమి తీసుకున్నారు, రాలేదు. రెండు చోట్లా ఇచ్చినవాడు ఒకే రకం మనిషి. వాడి చీటీ మీద ఎంత తరుగు రాశామో మనం లెక్క చూసుకోవాలి. చూసుకోకుండా ముందుకు పోతే అది తెగిన పోగు మీద నేసిన చీర.

అభివృద్ధి ధర్మమా అధర్మమా అని అడిగేవాళ్లు ఉన్నారు. నా అనుభవంలో అది త్రాసు మంచిదా చెడ్డదా అని అడగడం లాంటిది. సరుకు తెచ్చినవాడికి ముల్లు కనపడాలి. వాడికి చదవడం రాకపోతే చదివి చెప్పే మనిషి పక్కన ఉండాలి. అడిగితే నిజం చెప్పాలి. ఈ మూడూ ఉన్న చోట మగ్గం ఉన్నా ధర్మమే, మర ఉన్నా ధర్మమే. ఈ మూడూ లేని చోట గుడి కట్టినా మచ్చ మిగులుతుంది.

ఆ అవ్వ కోసం నేను వెతికాను. రొద్దం మండలంలో రెండు ఊళ్లు తిరిగాను. ఊరి పేరు చిట్టాలో లేదు, మనిషి పేరు సగమే ఉంది. ఆమె నాకు దొరకలేదు. అప్పటికే ముసలిది, ఇప్పటికి ఉండి ఉండదు. ఆమె పేరు మీద గుడిలో దీపం పెట్టొచ్చు, హుండీలో డబ్బు వేయొచ్చు. ఆమెకు రావలసింది దేవుడికి ఇస్తే నా బాకీ తీరుతుందా? తీరదనిపించింది. దేవుడి చీటీలో నేను 12 రాయలేదు.

బావమరిదీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. నీ గుంట పూడిందని దిగులుపడొద్దు. నీ స్వధర్మం ఎర్రమంచి దారిలో షిఫ్టు బస్సెక్కి పోతోంది. కానీ ఆ గోనెసంచిని పాత సామాన్లవాడికి వేయొద్దు. ధర్మవరంలో నేర్చుకోవాలనే పిల్ల ఒక్కతి ఉన్నా, మోకాళ్లు పోయినా నీ వేళ్లు ఉన్నాయి, కూర్చోబెట్టి నేర్పు. అది నువ్వు వేయవలసిన ముడి.

నా ముడి నేను వేసుకుంటున్నాను. హిందూపురం మార్కెట్ యార్డులో ఇప్పుడు ఎలక్ట్రానిక్ కాటాలు వచ్చాయి. అంకెలు ఎర్రగా వెలుగుతాయి, చీటీ అచ్చయి వస్తుంది. అయినా చదవడం రానివాళ్లు ఇంకా వస్తున్నారు. చింతపండు సీజనులో పొద్దున్నే వెళ్లి కాటా పక్కన నిలబడతాను. ఎవరైనా చీటీని అటూ ఇటూ తిప్పుతుంటే దగ్గరికి పోయి, తూకం ఎంతో, తరుగు ఎంతో, చేతికి రావలసింది ఎంతో చదివి చెబుతాను.